కథకో ముక్క, ఏడాదికో బొంత

మీకు పుస్తకం అంటే ఇష్టం. సూదీదారం అన్నా ఇష్టమే. కానీ రాత్రి పనులన్నీ తెమిలాక చేతిలో మిగిలేది ఒక్క అరగంట. పుస్తకం తీస్తే సగం కుట్టి వదిలేసిన బొంత గుర్తొస్తుంది. బొంత తీస్తే సగంలో ఆపిన కథ గుర్తొస్తుంది. చివరికి రెండూ పక్కన పెట్టి ఫోన్ పట్టుకుంటారు. అరగంట కాస్తా రీల్స్‌కి పోతుంది.

ఈ రోజుతో అది ఆపేద్దాం.

టైమ్ లేకపోవడమే మీ సమస్య అనుకుంటున్నారు. కాదు. రెండు ఇష్టాలకూ విడివిడిగా టైమ్ వెతుకుతున్నారు. అక్కడే వస్తోంది చిక్కు. రెండింటినీ ఒకే అలవాటుగా మార్చండి. చదివిన ప్రతి కథకూ బొంతలో ఒక ముక్క కుట్టండి. వారానికి ఒక కథ, ఒక ముక్క. ఏడాది తిరిగేసరికి 48 కథలు మీ మనసులో ఉంటాయి. 48 ముక్కల బొంత మీ మంచం మీద ఉంటుంది.

మీరు సూరత్‌లో ఉంటున్నారా? అయితే మీ పని ఇంకా తేలిక. ఎందుకో చెబుతాను. ముందు ఈ జోడీ ఎందుకు పని చేస్తుందో చూద్దాం.

సూదికి కథ కావాలి, కథకు సూది కావాలి

చదవడంలో ఒక ఇబ్బంది ఉంది. చదివింది నిలవదు. పోయిన నెల ఇష్టంగా చదివిన కథ ఇప్పుడు చెప్పమంటే తడుముకుంటాం.

దీనికి మందు ఉంది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అనే సైకాలజిస్టులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు. మరికొందరు పాఠం మూసేసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. వారం ఆగి పెడితే లెక్క తిరగబడింది. మూసేసి గుర్తు తెచ్చుకున్నవాళ్లే ముందు నిలిచారు.

ఇప్పుడు బొంత సంగతి ఆలోచించండి. సూది నడుస్తున్నంతసేపూ మీ మనసు ఖాళీయే. ఆ ఖాళీలో ఇందాక చదివిన కథను మొదటి నుంచి గుర్తు తెచ్చుకోండి. ఎవరు ఏమన్నారు? ఎక్కడ మలుపు తిరిగింది? పుస్తకం మూసే ఉంటుంది, కథ మాత్రం నడుస్తూ ఉంటుంది. ఆ ప్రయోగంలో విద్యార్థులు కాగితం మీద చేసిన పని మీరు బట్ట మీద చేస్తున్నారు.

కుట్టడంలోనూ ఒక ఇబ్బంది ఉంది. చేయి తిరిగాక అవే గడులు, అవే రంగులు. పదిహేనో ముక్క దగ్గర విసుగు పుడుతుంది. బొంత అటకెక్కుతుంది. ప్రతి ముక్కకూ ఒక కొత్త కథ ఉంటే ఆ విసుగుకు చోటు ఉండదు. తర్వాతి ముక్క ఏమిటో తెలియాలంటే తర్వాతి కథ చదవాలి మరి!

మీ రెండు ఇష్టాలూ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. మీరు చేయాల్సిందల్లా ముడి వేయడమే.

ఈ దారిలో ముందే నడిచినవాళ్లు

మీరు ఒంటరి కాదు. ముగ్గురిని చూడండి.

జేన్ ఆస్టెన్ ఇంగ్లిష్ నవలకు పెద్ద దిక్కు. ఆమె తల్లితోనూ అక్క కసాండ్రాతోనూ కలిసి ఒక పెద్ద అతుకుల దుప్పటి కుట్టింది. ముక్కలు పోగు చేయడం మర్చిపోకు అని 1811లో అక్కకు ఉత్తరం కూడా రాసింది. ఆమె మొదటి నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ అచ్చయింది కూడా ఆ ఏడాదే. ఆ దుప్పటి ఇప్పటికీ చాటన్ ఊళ్లో ఆమె నివసించిన ఇంట్లోని మ్యూజియంలో భద్రంగా ఉంది. నవల పని ఉంది కదా అని ఆమె సూది పక్కన పెట్టలేదు.

హారియెట్ పవర్స్ 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. బైబిల్ కథలను గడులు గడులుగా బొంత మీద కుట్టింది. 1886లో ఏథెన్స్ అనే ఊళ్లో జరిగిన పత్తి ప్రదర్శనలో దాన్ని పెట్టారు. తర్వాత డబ్బు ఇబ్బందుల్లో ఐదు డాలర్లకు అమ్ముకోవాల్సి వచ్చింది. కొన్న టీచరమ్మ ఒక మంచి పని చేసింది. ఏ గడిలో ఏ కథ ఉందో పవర్స్‌ను అడిగి రాసి పెట్టింది. అందుకే ఆ కథలు నిలిచాయి. ఈ రోజు ఆ బొంత వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఫెయిత్ రింగ్‌గోల్డ్ న్యూయార్క్ హార్లెమ్ చిత్రకారిణి. తన జీవిత కథ అచ్చు వేయడానికి ప్రచురణకర్తలు దొరకలేదు. ఆమె ఆగిపోలేదు. కథలను బొంతల మీదే రాయడం మొదలుపెట్టింది. 1988లో చేసిన ‘టార్ బీచ్’ బొంతలో ఒక చిన్న పాప తమ మేడ మీద నుంచి ఎగిరి వంతెన దాటుతుంది. 1991లో అదే బొంత పిల్లల పుస్తకంగా వచ్చింది. అమెరికాలో బొమ్మల పుస్తకాలకు ఇచ్చే కాల్డెకాట్ హానర్ గుర్తింపు పొందింది.

ఒకరు నవలా రచయిత్రి. ఒకరు బానిసత్వంలో పుట్టినావిడ. ఒకరు చిత్రకారిణి. ముగ్గురూ ఉన్న చోటు నుంచే, ఉన్న ముక్కలతోనే మొదలుపెట్టారు. మీరూ అంతే.

సూరత్‌లో ఉన్నారా? సగం పని అయినట్టే

మీ చుట్టూ ఏముందో ఒక్కసారి చూసుకోండి.

బట్ట ఉంది. రింగ్ రోడ్ మార్కెట్లలో థాన్లకు థాన్లు కదులుతుంటాయి. కత్తిరింపుల్లో మిగిలిన చిందీ కిలోల లెక్కన అమ్ముతారు. వేరే ఊళ్లో వెతికితే దొరకని రంగులు మీ వీధి చివరే ఉంటాయి.

చేతి పని ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. సాంచాల (పవర్‌లూమ్‌ల) మీద పని చేసిన చేతులకు పోగు తెగితే ఎలా ముడి వేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఇళ్లల్లో చీరలకు లేసులు కుట్టే, స్టోన్లు అతికించే ఆడవాళ్లకు సూది కొత్త కాదు.

చరిత్ర కూడా ఉంది. 17వ శతాబ్దంలో సూరత్ రేవు నుంచి యూరప్‌కు వెళ్లిన సరుకుల్లో బొంతలూ ఉన్నాయి. ఇరుగుపొరుగు గుజరాతీ ఇళ్లల్లో గోదడీ కుట్టే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెళ్లి అడగండి. సంతోషంగా నేర్పిస్తారు.

పుస్తకం ఉంది. ఆండ్రూస్ లైబ్రరీ 1850 నుంచి ఈ ఊళ్లో ఉంది. మున్సిపల్ కార్పొరేషన్ నడిపే కవి నర్మద్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అదే కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మీడియం కూడా ఉంది.

ఆ నర్మద్ సంగతే తీసుకోండి. 1833లో సూరత్‌లో పుట్టిన కవి. గుజరాతీ భాషకు నిఘంటువు కావాలనుకున్నాడు. ఏళ్ల తరబడి ఒక్కో మాటా పోగు చేశాడు. ఒంటి చేత్తో ‘నర్మకోశ్’ తయారు చేసి 1873లో ప్రచురించాడు. పెద్ద పని చూసి భయపడకూడదనీ రోజుకో ముక్క చేర్చుకుంటూ పోవాలనీ ఈ ఊరి కవే చేసి చూపించాడు.

ఇక మీకు కావాల్సింది ప్లాన్. ఇదిగో.

48 కథల బొంత: స్టెప్ బై స్టెప్

స్టెప్ 1: లెక్క ఖాయం చేసుకోండి. అడ్డంగా 6 ముక్కలు, నిలువుగా 8 ముక్కలు. మొత్తం 48. కుట్టాక ఒక్కో ముక్క 8 అంగుళాలు. బొంత సైజు 48 బై 64 అంగుళాలు. ఒక మనిషి కప్పుకోవడానికి చాలు. 48 వారాలు ముక్కలకు. మిగిలిన 4 వారాలు కలిపి కుట్టడానికి. సరిగ్గా ఏడాది.

స్టెప్ 2: పాత నూలు చీర ఒకటి తీయండి. ఐదున్నర మీటర్ల పొడవు, 45 అంగుళాల పన్నా ఉన్న చీరలో ఎనిమిదిన్నర అంగుళాల ముక్కలు అడ్డంగా 5, పొడవునా 25 వస్తాయి. అంటే 125. మీకు కావాల్సింది 48 మాత్రమే. చిరిగినచోట వదిలేసినా మిగులుతుంది. ఎనిమిదిన్నర ఎందుకంటే నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది.

స్టెప్ 3: ముందు ఉతకండి. నూలు బట్ట కుంచించుకుపోతుంది. రంగు దిగుతుంది. ఆ రెండూ బొంత పూర్తయ్యాక జరిగితే ఏడాది కష్టం పాడవుతుంది. కాబట్టి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడే కత్తిరించండి.

స్టెప్ 4: చిందీని బొమ్మలకు వాడండి. సూరత్ చిందీలో ఎక్కువ భాగం పాలిస్టర్. జారుతుంది, గాలి ఆడనివ్వదు, ఇస్త్రీ వేడికి కరుగుతుంది. అందుకే అడుగు ముక్క నూలుది ఉండాలి. దాని మీద బొమ్మ చిందీది. అంచు పావు అంగుళం లోపలికి మడిచి దగ్గర దగ్గరగా కుట్టండి. ఇస్త్రీ పెట్టె తక్కువ వేడిలో ఉంచండి.

స్టెప్ 5: వారానికి ఒక కథ, ఒక ముక్క. కథ పూర్తి కాకుండా ముక్క మొదలుపెట్టొద్దు. ముక్క పూర్తి కాకుండా తర్వాతి కథ తెరవొద్దు. ఈ ఒక్క రూల్ గట్టిగా పట్టుకోండి. మీ ప్లాన్ అంతా దీని మీదే నిలబడుతుంది.

స్టెప్ 6: ముక్క వెనక రాయండి. కథ పేరు, రచయిత పేరు, తేదీ. ఉతికినా పోని మార్కర్‌తో. పొరలు కలిపాక ముక్క వెనక కనిపించదు కాబట్టి అవే వివరాలు ఒక నోట్‌బుక్‌లో కూడా. పవర్స్ బొంత కథలు మనకు మిగిలింది ఎవరో రాసి పెట్టడం వల్లే. మీ మనవరాలికి మీ బొంత కథలు తెలియాలంటే మీరే రాయాలి.

స్టెప్ 7: చివరి నెలలో కలపండి. 48 ముక్కలూ వరసల వారీగా కుట్టండి. మధ్యలో పాత నూలు దుప్పటి ఒక పొర. సూరత్ చలికి అంతకంటే అవసరం లేదు. అడుగున మరో పాత చీర. పన్నా చాలదు కాబట్టి రెండు పట్టీలు జోడించండి. మూడు పొరలూ కదలకుండా ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. తర్వాత రెండు మూడు అంగుళాల దూరంలో వరసగా కుట్టుకుంటూ వెళ్లండి. కచ్చా కుట్లు విప్పేయండి. అంచు కట్టండి. బొంత రెడీ.

ఏ కథలు చదవాలి?

చిన్న కథల సంపుటాలతో మొదలుపెట్టండి. ఒక్కో కథ ఒక్కసారి కూర్చుంటే పూర్తవుతుంది. ప్రతి వారం గెలిచిన ఫీలింగ్ వస్తుంది. ఆ ఫీలింగే అలవాటుకు బలం.

- సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరి కథలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ప్రతి కథా చిన్నదే.
- పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’. తెలంగాణ పల్లె మాట ఎలా ఉంటుందో అలాగే వినిపిస్తుంది. సూరత్‌లో పుట్టిన పిల్లలకు అమ్మమ్మ ఊరి యాస వినిపించాలంటే ఇది చదవండి.
- నామిని ‘మిట్టూరోడి కథలు’. చిత్తూరు జిల్లా పల్లె, ఆ ఇంటి అమ్మ, ఆ ఇంటి బతుకు.
- ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. నెల్లూరు జిల్లా కావలిలో ఒక ముస్లిం పిల్లాడి బాల్యం.
- వంశీ ‘మా పసలపూడి కథలు’. గోదావరి జిల్లా ఊరు, మనుషులు, వంటలు.

ఇందులో మీ జిల్లా కూడా ఉండొచ్చు. మీకు తెలియని జిల్లాలు మిగతావి. ఒకే బొంతలో తెలుగు నేల అంతా వచ్చేస్తుంది.

కథను ముక్కగా మార్చడం ఎలా?

డ్రాయింగ్ రానక్కర్లేదు. మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. కథలో నా కంటికి బాగా కనిపించిన వస్తువు ఏది? పడవ, చెంబు, గొడుగు, మామిడికాయ. ఒక్కటి చాలు. రెండో వస్తువు వద్దు.

2. ఈ కథ రంగు ఏది? దుఃఖమా, కోపమా, నవ్వా? నది కథకు నీలం పెట్టాలని రూల్ లేదు. వరదలో ఇల్లు పోయిన కథకు మట్టి రంగు సరిపోతుంది. రంగు ఎంచుకోవడమంటే కథ మీకు ఎలా తోచిందో నిర్ణయించుకోవడం.

3. ఈ కథను ఎవరికి చెప్పాలనిపించింది? ఆ మనిషి పేరులోని మొదటి అక్షరాన్ని ముక్క మూలన చిన్నగా కుట్టండి. బొంత పూర్తయ్యాక ఆ అక్షరాలే చెబుతాయి, ఏడాదంతా మీ మనసులో ఎవరెవరు ఉన్నారో.

బొమ్మ వంకరగా వచ్చిందా? ఉండనివ్వండి. మొదటి ముక్కకూ నలభై ఎనిమిదో ముక్కకూ తేడా కనిపించాలి. అదే మీ ఎదుగుదలకు రుజువు. మొదటి ముక్కను విప్పి మళ్లీ కుట్టడం మాత్రం చేయొద్దు.

చేతికి సూది, చెవికి కథ

ఇంకో పద్ధతి కూడా ఉంది. కుడుతూ వినండి.

1865లో క్యూబా రాజధాని హవానాలోని ఎల్ ఫిగరో చుట్టల ఫ్యాక్టరీలో ఒక కొత్త పద్ధతి మొదలైంది. కార్మికులు చుట్టలు చుడుతుంటే ఒకరు ఎత్తుగా కూర్చుని గట్టిగా చదివేవారు. వార్తలు, నవలలు, అన్నీ. చదివేవాళ్లకు జీతం కార్మికులే తలా కొంచెం వేసుకుని ఇచ్చేవారు. మన దగ్గర కేరళలోని కన్నూర్‌లో బీడీ కార్మికులూ ఇదే చేశారు. ఒకరు పేపర్ చదువుతుంటే మిగతావాళ్లు వినేవారు. ఆ చదివినతని వంతు బీడీలు వాళ్లే చుట్టి ఇచ్చేవారు. బడికి వెళ్లని వాళ్లు కూడా దేశ రాజకీయాలు చర్చించే స్థాయికి ఎదిగారు.

సైకాలజీ కూడా దీన్ని సమర్థిస్తుంది. కేటీ మిల్క్‌మన్, ఆమె తోటి పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆసక్తికరమైన ఆడియో నవలలను జిమ్‌లో మాత్రమే వినాలని కొందరికి షరతు పెట్టారు. మామూలుగా జిమ్‌కు వెళ్లే వాళ్లకంటే వీళ్లు మొదట్లో 51 శాతం ఎక్కువసార్లు వెళ్లారు. కథ తర్వాత ఏమైందో తెలుసుకోవాలి కదా!

మీ షరతు ఇది: ఆడియో కథ సూది చేతిలో ఉన్నప్పుడు మాత్రమే. దాసుభాషితం లాంటి యాప్‌లో తెలుగు పుస్తకాలు వినొచ్చు. సూది కింద పెట్టగానే ఆడియో ఆపేయండి. రేపు మళ్లీ సూది పట్టించేది ఆ సస్పెన్సే.

ఒక హెచ్చరిక. ఇదంతా ఇంట్లో మాత్రమే. సాంచాల దగ్గర చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పని చేయొద్దు. నడుస్తున్న మెషీన్ దగ్గర మీ చెవులూ కళ్లూ మెషీన్ మీదే ఉండాలి.

రోజుకు 30 నిమిషాలు: ఇలా వాడండి

- కథ పూర్తయ్యేదాకా 30 నిమిషాలూ చదువు. ఫోన్ వేరే గదిలో.
- కథ పూర్తయ్యాక 30 నిమిషాలూ కుట్టు. మొదటి ఐదు నిమిషాలు చదివింది గుర్తు తెచ్చుకోండి. తర్వాత కావాలంటే ఆడియో.

ఈ అరగంటను రోజూ చేసే ఒక పనికి జత చేయండి. రాత్రి గిన్నెలు కడిగాక. పిల్లల్ని బడికి పంపాక. షిఫ్ట్ నుంచి వచ్చి టీ తాగాక. గడియారం చూసి మొదలుపెట్టే అలవాటు ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. టీ తాగడం మాత్రం తప్పదు.

ఒక సంచీ పెట్టుకోండి. అందులో పుస్తకం, ఈ వారం ముక్క, సూదులు, రెండు రంగుల దారం, చిన్న కత్తెర. అన్నీ ఒకే చోట ఉంటే మొదలుపెట్టడానికి పది సెకన్లు చాలు. వెతుక్కోవాల్సి వస్తే మీ చేయి ఫోన్ మీదకే పోతుంది.

పండగ గ్యాప్: ఇక్కడ జాగ్రత్త

మిల్క్‌మన్ అధ్యయనంలో ఇంకో పాఠం ఉంది. అమెరికా పండగ థాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత జిమ్‌కు వెళ్లడం పడిపోయింది. చాలా అలవాట్లు తెగేది సెలవుల్లోనే.

మీ సెలవు దీపావళి. మార్కెట్లు మూస్తారు. సాంచాలు ఆగుతాయి. చాలామంది ఊరికి రైలెక్కుతారు. అప్పుడేం చేయాలి?

రైల్లోకి సంచీ తీసుకెళ్లండి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సూరత్ నుంచి వరంగల్‌కు గంటల తరబడి ప్రయాణం. ఒక కథ చదవడానికీ ఒక ముక్క సగం కుట్టడానికీ బోలెడు టైమ్. పక్క సీటు పెద్దావిడ తప్పకుండా అడుగుతుంది, ఏం కుడుతున్నావమ్మా అని. కథ చెప్పండి. చదివింది ఇంకోసారి గట్టిపడుతుంది.

ఊళ్లో ఆ వారం కుట్టడం కుదరలేదా? ఫర్వాలేదు. తిరిగి మొదలుపెట్టే తేదీ మాత్రం ముందే రాసుకోండి. సూరత్ వ్యాపారులు దీపావళి తర్వాత వచ్చే లాభ్ పాంచమ్ నాడు షట్టర్లు తెరుస్తారు. మీ సంచీ కూడా ఆ రోజే తెరవండి. ఊరంతా కొత్తగా మొదలుపెట్టే రోజు మీరూ మొదలుపెట్టడం తేలిక.

సాకులు పక్కన పెట్టండి

“నాకు తెలుగు చదవడం మర్చిపోయినంత పనైంది.” చిన్న కథే కదా. మొదటి వారం పేజీకి పది నిమిషాలు పడుతుంది. పడనివ్వండి. నాలుగో వారానికి మీకే తేడా తెలుస్తుంది.

“మగవాణ్ణి, బొంత కుట్టాలా?” సూరత్‌లో సాంచాలు నడిపేవాళ్లూ కటింగ్ మాస్టర్లూ ఎక్కువగా మగవాళ్లే. దారం పట్టుకోవడం మీ వృత్తి. మీ ఇంటికోసం కూడా అదే చేయి వాడండి.

“కళ్లు ఆనవు.” పగటి వెలుతురులో కుట్టండి. చెవి పెద్దగా ఉన్న సూది తీసుకోండి. కథ వినండి, లేదా మనవడితో చదివించుకోండి.

“దీనివల్ల డబ్బేం వస్తుంది?” రోజంతా పీస్ లెక్కన పని చేస్తున్నారు. ఎన్ని పీసులు, ఎంత రేటు అనే లెక్క తల నిండా ఉంటుంది. రోజుకు అరగంట ఆ లెక్క లేని పని మీకు అవసరం. ఈ బొంతకు రేటు కట్టకండి. మిమ్మల్ని మీరు పెంచుకోవడానికి పెట్టిన అరగంట ఇది.

ఇంట్లో పిల్లలున్నారా? అక్షరాల బొంత మొదలుపెట్టండి

సూరత్ తెలుగు ఇళ్లల్లో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో గుజరాతీ, హిందీ. తెలుగు అక్షరం మాత్రం రాదు. తిట్టి నేర్పలేం. కుట్టి నేర్పొచ్చు.

మన వర్ణమాల 56 అక్షరాలు. అడ్డంగా 7, నిలువుగా 8 ముక్కలు పెడితే సరిగ్గా 56. ఎంత చక్కగా కుదిరిందో చూశారా!

- ప్రతి వారం ఒక అక్షరం. చిందీలోంచి రంగు పిల్లలే ఎంచుకోవాలి.
- అక్షరాన్ని ముందు కాగితం మీద పెద్దగా రాయించండి. అదే కత్తిరించి బట్ట మీద పెట్టి గీయండి. కత్తెర పని, కుట్టు పని మీది.
- ఆ వారం అంతా ఆ అక్షరం ఉన్న మాటల వేట. గోడ మీద పోస్టర్‌లో, పాత వారపత్రికలో, కథ పుస్తకంలో.
- శనివారం రాత్రి ఒక చిన్న కథ మీరు చదివి వినిపించండి. ఆ అక్షరం ఎక్కడ కనిపించినా పిల్లలు వేలు పెట్టి చూపించాలి.

ఏడాదికి కాస్త పైన పడుతుంది. ఆ తర్వాత ఆ బొంత కప్పుకున్న పిల్లలు అ నుంచి వరసగా చదువుతారు.

ఒంటరిగా వద్దు, ఐదుగురు చాలు

అలవాటు నిలబడాలంటే తోడు కావాలి. మీ గల్లీలో ఐదుగురిని పోగు చేయండి. వారానికి ఒక్క సాయంత్రం, ఒక్క గంట. ఒకరు గట్టిగా చదవాలి, నలుగురు కుట్టాలి. కన్నూర్ పద్ధతే పాటించండి: చదివినవాళ్ల ముక్కలో ఆ రోజు కుట్టు మిగతావాళ్లు వేయాలి. చదవడం వచ్చినవాళ్లకూ కుట్టడం వచ్చినవాళ్లకూ సమాన గౌరవం. చదువు రాని అత్తమ్మ కూడా ఆ గుంపులో నాలుగు నెలల్లో నాలుగైదు పుస్తకాల గురించి మాట్లాడగలుగుతుంది.

మీకొక మంచి తేదీ చెబుతాను. నర్మద్ పుట్టిన రోజు ఆగస్టు 24. గుజరాతీలు దాన్ని భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. గిడుగు రామమూర్తి పుట్టిన రోజు ఆగస్టు 29. మనకు తెలుగు భాషా దినోత్సవం. రెండింటి మధ్యా ఐదు రోజులే తేడా. ఆ వారంలో మీ ఐదుగురి ముక్కలూ ఒక దండెం మీద వేసి అందరికీ చూపించండి. బొంత పూర్తి కాకపోయినా సరే. గుజరాతీ పొరుగువాళ్లను పిలవండి. వాళ్ల గోదడీలు తెమ్మనండి. ప్రతి ముక్క దగ్గరా నిలబడి ఒక్కో కథ చెప్పండి. డెడ్‌లైన్ ఉంటే పని నడుస్తుంది.

మీ మొదటి వారం

- సోమవారం: కథల పుస్తకం ఒకటి తెచ్చుకోండి. లైబ్రరీలో తెలుగు పుస్తకాల కోసం అడగండి. లేకపోతే ఊరి నుంచి వచ్చేవాళ్లకు చెప్పండి, లేదా ఫోన్‌లో ఆర్డర్ పెట్టండి.
- మంగళవారం: పాత నూలు చీర ఉతికి ఆరేయండి.
- బుధవారం: మొదటి ఎనిమిది ముక్కలు కత్తిరించండి. 48 ఒకేసారి వద్దు.
- గురువారం: ఒక కథ చదవండి. పుస్తకం మూసి మూడు ప్రశ్నలు వేసుకోండి.
- శుక్రవారం: బొమ్మ కత్తిరించి కచ్చా కుట్టు వేయండి.
- శనివారం: కుట్టు పూర్తి చేయండి.
- ఆదివారం: వెనక కథ పేరు, తేదీ రాయండి. ఇంట్లో ఒకరికి ఆ కథ చెప్పండి.

వారంలో ఒక ముక్క పూర్తి చేసినవాళ్లు 48 పూర్తి చేయగలరు. చేసే పని అదే, చేసేసార్లు మాత్రమే ఎక్కువ.

చివరగా ఒక్క మాట. అలిస్ వాకర్ 1973లో రాసిన ‘ఎవ్రీడే యూజ్’ అనే కథలో అమ్మమ్మ కుట్టిన బొంతల కోసం ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య పేచీ వస్తుంది. ఒకామె గోడకు వేలాడదీస్తానంటుంది. రెండో ఆమె రోజూ కప్పుకునే మనిషి. తల్లి కప్పుకునే కూతురికే ఇస్తుంది. మీరూ ఆ తల్లి మాటే వినండి. మీ బొంతను బీరువాలో దాచకండి. కప్పుకోండి, ఉతకండి, చిరిగితే మాటు వేయండి. చదివిన కథలను కూడా దాచకండి. చెప్పండి.

చీర మీ ఇంట్లోనే ఉంది. సూది మీ ఇంట్లోనే ఉంది. ఇక కథ ఒక్కటి తెచ్చుకోండి. ఈ వారమే మొదటి ముక్క కుట్టండి. మీరు చేయగలరు, చేసి తీరతారు.